మూడు తుపాకుల ఆటకి గురువు ఎక్కడ దొరుకుతాడు?

ఈ వారం ఉత్తరం టెక్సస్ నుంచి. డాలస్‌కి ఉత్తరాన, మనవాళ్లు బాగా ఉండే ఊళ్లలో ఒకదాని నుంచి ఒక సోదరి రాశారు. పేరు వద్దన్నారు. వయసు 39, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భర్త, ఇద్దరు పిల్లలు. పోయినేడే పౌరసత్వం వచ్చింది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ కాల్చారట. ఆ ఇష్టం లోపల అలాగే ఉండిపోయింది. రెండేళ్ల క్రితం ఆఫీసులో ఒకావిడ రేంజ్‌కి (తుపాకీ సాధన చేసే చోటికి) తీసుకెళ్తే మళ్లీ మొదలుపెట్టి, పిస్టల్‌తో ఆగకుండా 'త్రీ గన్' దాకా వచ్చేశారు.

తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. ఇందులో పిస్టల్, రైఫిల్, షాట్‌గన్ మూడూ వాడాలి. స్టేజ్ అనే ఏర్పాటులో కాగితపు టార్గెట్లు, ఇనప పలకలు, గాల్లోకి లేచే మట్టి బిళ్లలు ఉంటాయి. బీప్ వినపడగానే పరుగెడుతూ, ఒక తుపాకీ పెట్టేసి ఇంకోటి అందుకుంటూ అన్నీ కొట్టాలి. పట్టిన కాలానికి తప్పుల జరిమానా కలిపి లెక్కేస్తారు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కీ దీనికీ చుట్టరికం దూరం. అక్కడ కదలకపోవడమే విద్య. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. (ఈమె వాళ్లమ్మగారు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న అదేనట: "అయితే ఒలింపిక్స్‌కి పంపిస్తారా?")

ఇక కష్టం. ఒక పేరున్న చోట రెండు రోజుల క్లాసుకి డబ్బు కట్టారు. నేర్పినాయన మాజీ సైనికుడు, గొంతు పెద్దది. విద్యార్థులు పద్దెనిమిది మంది, గురువు ఒక్కడే. రెండు రోజులూ ఇంట్లోకి దొంగ వస్తే ఏం చేయాలన్న పాఠమే. షాట్‌గన్‌ని బయటకు కూడా తీయలేదు. తర్వాత నెలలో మొదటి త్రీ గన్ మ్యాచ్‌కి వెళితే, మూడో స్టేజ్‌లో ఎడమవైపు పరుగెడుతూ పిస్టల్ మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) మార్చబోయి తుపాకీ మూతిని 180 డిగ్రీల గీత దాటించారు. కాల్చేవాళ్లకి రెండు పక్కలా సాగే ఊహా గీత అది, మూతి దాని వెనక్కి తిరగకూడదు. డీక్యూ, అంటే పోటీ నుంచి తీసేశారు. మిగతా రోజంతా టార్గెట్ల చిల్లులకు టేపులు అతికిస్తూ గడిపారు. స్క్వాడ్‌లో (కలిసి ఆడే జట్టులో) ఆరుగురు మగవాళ్లు ఆరు సలహాలిచ్చారు, ఒకదానికొకటి పొసగలేదు.

భర్త కాదనలేదు గానీ, "ఇదింకా ఎంత దాకా?" అన్నారు. దాంట్లో డబ్బుందో భయముందో ఈమెకి అర్థం కాలేదు. హెచ్-1బీ మీద వచ్చి వాళ్లింట్లోనే ఉంటున్న తమ్ముడు మాత్రం మహా హుషారు. మ్యాచ్‌కి వెంట వచ్చి రైఫిల్ బ్యాగ్ మోశాడు, వచ్చే నెల తనూ కాలుస్తానంటున్నాడు. ఈమె అడిగినవి మూడు: మంచి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? పోటీల వాళ్లు వాడే ఖరీదైన సెమీ ఆటో షాట్‌గన్ కొనేయమంటారా? డీక్యూ అయ్యాక మళ్లీ అదే క్లబ్బుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

*

అమ్మా, మీరు అడగని సంగతితో మొదలుపెడతాను. తొందరగా తేల్చుకోవాల్సింది అదే. మీ తమ్ముడు.

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఇక్కడి కేంద్ర చట్టం. మినహాయింపులున్నాయి. మామూలుగా చెప్పుకునేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా, రైఫిల్ ఉన్న బ్యాగ్ భుజాన వేసుకున్నా చిక్కే. అలాంటివాళ్లని తెలిసీ చేతికిచ్చినవాళ్లనీ చట్టం వదలదు, అంటే మిమ్మల్ని. ఎవరూ చూడలేదు కదా అనుకోకండి. రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో అడిగితే అతను అబద్ధం చెప్పలేడు, నిజం చెబితే నష్టం. పైగా మీ ఇంట్లోనే ఉంటున్నాడు కాబట్టి సేఫ్ తాళం నంబరు అతనికి తెలియకూడదు. వేట లైసెన్సు తీసుకుంటే అతని విషయంలో సరిపోతుందా లేదా అన్నది ఇమిగ్రేషన్ లాయరు చెప్పాలి, స్క్వాడ్‌లో స్నేహితుడు కాదు, నేనూ కాదు. అందాకా వచ్చి చూడనివ్వండి, వీడియో తీయనివ్వండి. ఆ వీడియోలతో మనకి పని ఉంది.

డీక్యూ సంగతి రెండు మాటల్లో. అది ఆ రోజుకే. వచ్చే నెల మీ పేరు మామూలుగా నమోదు చేసుకుంటారు. ఉండి టేపులు అతికించారన్నారే, క్లబ్బువాళ్లు గుర్తుపెట్టుకునేది దాన్నే. చాలామంది సామాను సర్దుకుని కారెక్కేస్తారు.

తప్పు ఎందుకు జరిగిందో మాత్రం చూడాలి. కుడిచేతి వాటం వాళ్లు ఎడమకి పరుగెడితే ఒళ్లంతా ఎడమకి తిరుగుతుంది. మ్యాగజైన్ మార్చేటప్పుడు పిస్టల్‌ని ఛాతీ ముందుకి తెచ్చుకోవడం అలవాటు. ఛాతీ ఎటుంటే తుపాకీ మూతి అటు, ఇంకాస్త తిరిగితే వెనక నిలబడ్డవాళ్ల వైపు. అందుకే ఆ దిక్కుకి పరుగెత్తేటప్పుడు చూపు ఎటున్నా, కాళ్లు ఎటున్నా, మూతి ఎదురుగా ఉన్న మట్టికట్ట వైపే ఉంచి మ్యాగజైన్ మార్చడం విడిగా సాధన చేయాలి. ఖాళీ పిస్టల్‌తో, ఇంటి హాల్లో, ముందు నడుస్తూ. అంతవరకూ మ్యాచ్‌లో నిలబడి మార్చుకుని తర్వాత పరుగెత్తండి. సెకను పోతే పోయింది. మీరు వెళ్లిన క్లాసులో పద్దెనిమిది మందీ ఒకే వరసలో నిలబడి కాల్చారు. కదిలే పాఠం అక్కడ ఎలాగూ రాదు.

ఇప్పుడు శిక్షణ. మీ ఉత్తరం చదువుతుంటే మూడు తుపాకులూ ఒకే చోట నేర్పే ఒక గొప్ప గురువు ఎక్కడో ఉన్నాడనీ, అడ్రసు దొరకడమే ఆలస్యమనీ మీ నమ్మకంలా అనిపించింది. అలాంటివాళ్లు ఉన్నారు, కొద్దిమంది. కానీ మీకిప్పుడు అక్కర్లేదు. ఈ ఆటలో కాలం ఎక్కడ కారిపోతోందో చూసుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో అదే చెబుతుంది.

లెక్క వేద్దాం. ఒక స్టేజ్‌లో షాట్‌గన్‌తో పదహారు టార్గెట్లున్నాయనుకోండి. మొదట్లో తొమ్మిది తూటాలతో బయలుదేరారు. ఒక్కటీ తప్పకుండా కొట్టినా ఇంకో ఏడు దారిలో నింపుకోవాలి. కొత్తవాళ్లు ఒక్కోటి నడుము దగ్గర్నుంచి తీసి ట్యూబ్‌లోకి తోయడానికి రెండేసి సెకన్లు పడుతుంది: మొత్తం పద్నాలుగు. నాలుగేసి ఒకే పట్టులో పట్టుకుని రెండు తోపుల్లో లోపలికి పంపే 'క్వాడ్ లోడ్' చేతికి వచ్చినవాళ్లకి అదే పని నాలుగు సెకన్ల లోపే. పది సెకన్ల తేడా, అదీ ఒక్క స్టేజ్‌లో. అదే స్టేజ్‌లో పిస్టల్‌తో ఇరవై తూటాలు కాల్చాలనుకుందాం. గుండుకీ గుండుకీ మధ్య ఎడం 0.30 సెకన్ల నుంచి 0.20కి తగ్గించడానికి ఏడాది పట్టొచ్చు, మిగిలేది రెండు సెకన్లు. మీ స్క్వాడ్‌లో ఆరుగురూ దేని గురించి సలహా చెప్పారో గుర్తు చేసుకోండి. పిస్టల్ పట్టు గురించే అయి ఉంటుంది, కాదా?

షాట్‌గన్ నింపడం నేర్చుకోవడానికి రేంజ్ అక్కర్లేదు, గురువు కూడా పెద్దగా అక్కర్లేదు. మందు లేని డమ్మీ షెల్స్ ఒక ఇరవై కొనండి, బెల్టుకి క్యాడీలు (తూటాలు పట్టి ఉంచే క్లిప్పులు) తగిలించుకోండి, కింద మెత్తటి దుప్పటి పరచండి (పడిపోతాయి, బాగా పడిపోతాయి). రోజూ పది నిమిషాలు. గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, పక్క గదిలో తాళం వేసి రండి. మొదటి వారం బొటనవేలు నొప్పి. మూడో వారానికి చూడకుండానే చెయ్యి క్యాడీ మీదికి వెళుతుంది. ఎవరికైనా చూపించి పట్టు సరిచేయించుకోవడానికి గంట చాలు.

రైఫిల్‌లో మీకు ఎన్‌సీసీ పనికొస్తుంది. పడుకుని, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్‌ని పిండినట్టు నొక్కే అలవాటు రెండు వందల గజాల అవతలి ఇనప పలక మీద కలిసొస్తుంది. చాలామంది అక్కడే తూటాలు, సెకన్లు తగలేస్తారు. మీకు రానిది దగ్గరి టార్గెట్ అయి ఉంటుంది. స్కోపు గొట్టానికి రెండున్నర అంగుళాల పైన ఉంటుంది కాబట్టి ఏడు గజాల్లో గురిపెట్టిన చోటికి సుమారు రెండు అంగుళాల కింద తగులుతుంది. సగం కప్పేసిన టార్గెట్ అయితే 'నో షూట్'కి, అంటే కొట్టకూడని టార్గెట్‌కి, తగిలి జరిమానా. 50 గజాలకు సరిచేసిన పాయింట్ 223 రైఫిల్ మళ్లీ 200 గజాల దగ్గర గురికి దాదాపు సరిపోతుంది. మధ్యలో, ఆపైన ఎంత ఎక్కుతుందో, ఎంత దిగుతుందో మీ తూటాతో మీరే కాల్చి కాగితం మీద రాసుకోవాలి. దీనికి క్లాసు కట్టకండి. పొడవాటి రేంజ్, ఒక మధ్యాహ్నం, పక్కన దూరాలు తెలిసిన మనిషి చాలు.

మరి గురువుకి డబ్బు ఇవ్వాల్సింది దేనికి? మీకు కనపడని తప్పులు చూసినందుకు. స్టేజ్‌ని ఎలా విడగొట్టుకోవాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకుండా కాల్చాలి, వాడేసిన రైఫిల్‌ని స్టేజ్‌లో పెట్టిన పీపాలో వదిలేటప్పుడు సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేశారా లేదా. ఈ ఆఖరిది వేయకుండా వదిలినా డీక్యూనే, జాగ్రత్త. ఇవన్నీ పక్కన నిలబడి చూసేవాడు చెప్పాలి.

అలాంటివాడు దొరికాడో లేదో తెలుసుకోవడానికి నా పద్ధతి చెబుతాను. క్లాసు ప్రకటనలో ఏ తుపాకీకి ఎన్ని తూటాలు తెమ్మన్నారో చూడండి. రైఫిల్‌కి ఐదు వందలు, పిస్టల్‌కి ఐదు వందలు, షాట్‌గన్ ఊసే లేదంటే మీరు కట్టిన క్లాసు లాంటిదే అది. దాని మానాన అది మంచిదే కావచ్చు, ఈ ఆటకి కాదు. షాట్‌గన్‌కి బర్డ్‌షాట్ (సన్న గుళ్ల తూటాలు) ఇన్ని, స్లగ్గులు (ఒకే పెద్ద గుండు ఉండేవి) ఇన్ని అని విడివిడిగా రాశాడంటే స్టేజ్ తెలిసినవాడు. తర్వాత ఆయన పేరుతో ప్రాక్టిస్కోర్ అనే స్కోర్ల సైట్‌లో మ్యాచ్ ఫలితాలు వెతకండి, స్టేజ్ స్టేజ్‌కీ కాలం కనపడుతుంది. ఈ రెండేళ్లలో ఏ మ్యాచ్‌లోనూ లేడంటే అనుమానించండి. 'గ్రాండ్ మాస్టర్' అని పెద్ద అక్షరాల్లో రాసుకుంటే గౌరవించండి, ఇలాంటి పిస్టల్ పోటీలు నడిపే అమెరికా సంఘం యూఎస్‌పీఎస్‌ఏలో 95 శాతం దాటితే గానీ రాదు అది. కానీ ఆ వర్గీకరణ మామూలుగా పిస్టల్ స్టేజ్‌ల మీద వచ్చేది, షాట్‌గన్ గురించి ఏమీ చెప్పదు. ఎన్ఆర్ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) బోధకుడి సర్టిఫికెట్ ఉంటే భద్రంగా మొదటి పాఠం చెప్పగలడని అర్థం, అంతవరకే. చివరిగా ఫోన్ చేసి, "ఒక్కో గురువుకి ఎంతమంది? వీడియో తీసి చూపిస్తారా?" అని అడగండి. ఆరుగురికి మించితే నేనైతే వెళ్లను. బాగా కాల్చేవాళ్లందరికీ చెప్పడం రాదు. జెర్రీ మిక్యులెక్ 1999లో రివాల్వర్‌తో ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు 2.99 సెకన్లలో కాల్చాడు. అది చూసి మనం నోరు తెరవొచ్చు గానీ, చూసినంత మాత్రాన మన చెయ్యి వేగం పెరగదు.

మీ ముందున్న దారులు నాకు కనపడినంతలో ఇవి. మొదటిది, ఆరు నెలలు త్రీ గన్ పక్కన పెట్టి పిస్టల్ మ్యాచ్‌లు, స్టీల్ ఛాలెంజ్ ఆడటం. స్టీల్ ఛాలెంజ్‌లో దాదాపు ఎప్పుడూ ఒక చోట నిలబడే ఐదు ఇనప పలకలు కొట్టాలి, పరుగు దాదాపు లేదు, పాయింట్ 22 పిస్టల్‌తోనూ ఆడొచ్చు. ఆ తూటా 9 ఎం.ఎం. కంటే బాగా చవక. ఖర్చు తగ్గుతుంది, భయం పోతుంది. కానీ కదలడం నేర్పదు, మీ డీక్యూకి మందు అది కాదు. ఆరు నెలల తర్వాత త్రీ గన్ మీద ఆశ చల్లారిపోయినా ఆశ్చర్యం లేదు, కొందరికి అలాగే అవుతుంది.

రెండోది, మీ క్లబ్బులోనే షాట్‌గన్ బాగా ఆడే ఒకరిని పట్టుకుని, మీలాంటి ఇంకో ఇద్దరిని కలుపుకుని ఒక పూట పాఠం చెప్పించుకోవడం. మ్యాచ్ డైరెక్టర్‌ని అడిగితే పేరు చెబుతాడు. డబ్బు ముగ్గురికీ పంచుకోవచ్చు. నాకు నచ్చేది ఇదే. చిక్కేమిటంటే ఇవి ఫలానా తేదీకి దొరికేవి కావు, మనిషిని బట్టి ఉంటాయి. మ్యాచ్ ముందు రోజు స్టేజ్‌లు కట్టడానికి సాయం వెళ్లేవాళ్లకి ఈ పరిచయాలు త్వరగా అవుతాయి. ఇనప పలకలు మోసి చెమటలు కక్కిన సాయంత్రం ఎవరూ గొప్పలు పోరు, అడిగింది చెబుతారు. అక్కడే యూఎస్‌పీఎస్‌ఏ రేంజ్ ఆఫీసర్ (మ్యాచ్‌లో అంపైర్ లాంటివారు) కోర్సు ఎప్పుడో కనుక్కోండి. రూల్స్ పుస్తకం చదివి పరీక్ష రాసి, టైమర్ పట్టుకుని ఒక రోజంతా వేరేవాళ్ల చేతుల్ని చూశాక 180 గీత మీ ఒంట్లోకి ఎక్కుతుంది.

మూడోది, పేరున్న ఛాంపియన్ దగ్గర రెండు మూడు రోజుల క్లాసు, ఊరు దాటి. అది ఎప్పటికీ వద్దనను, ఇప్పుడు వద్దంటాను. విమానం, హోటల్, మూడు రకాల తూటాలు అన్నీ కలిపితే మీవారు అడిగిన "ఎంత దాకా"కి జవాబు చెప్పడం కష్టమవుతుంది. పైగా షాట్‌గన్ నింపడం రాని దశలో వెళితే, ఆయన గంటకి ఇంత అని తీసుకుని నేర్పేది మీ హాల్లో దుప్పటి మీద మీరే నేర్చుకోగలిగినది. ఏడాది ఆడాక, మీ వీడియోల్లో ఎంత చూసినా మీకు అంతుపట్టని తప్పు ఒకటి తేలాక వెళ్లండి. అప్పుడు ఆ డబ్బు దండగ కాదు.

నాలుగో దారి మధ్యే మార్గం. టూ గన్ మ్యాచ్‌లు. రైఫిల్, పిస్టల్ మాత్రమే. షాట్‌గన్ ఖర్చు ఆగుతుంది, తుపాకీ మార్చడం, కదలడం అలవాటవుతాయి. మీ దగ్గర ఇవి దొరికితే రెండో దారితో కలిపి నడపొచ్చు.

స్క్వాడ్ సలహాల గురించి కూడా అడిగినట్టే ఉన్నారు. మ్యాచ్ మధ్యలో పట్టు మార్చుకోవడమంటే, అరంగేట్రం వేదిక మీద అడుగులు దిద్దుకోవడమే. "ఇవాళ ఒక్క తుపాకీ మూతి మీదే ధ్యాస పెట్టాను, మిగతావి తర్వాత చెప్పండి" అనండి. చాలామంది మంచివాళ్లే, ఊరుకుంటారు. ఆడవాళ్ల మధ్య సాధన కావాలంటే, 2011లో టెక్సస్‌లోనే పుట్టిన 'ఎ గర్ల్ అండ్ ఎ గన్' లీగ్ ఉంది. అక్కడ ఎక్కువగా పిస్టలే, త్రీ గన్ ఆశించకండి. ఆడవాళ్లు నేర్పితేనే బాగుంటుందన్న నియమమూ లేదు.

మీవారి మాటకి వస్తాను. డబ్బా భయమా అర్థం కాలేదన్నారు. ఆయన్నడగండి. నా ఊహ అడిగితే రెండూ అంటాను, రెండూ న్యాయమైనవే. డబ్బుకి నెలకింత అని ఇద్దరూ కూర్చుని ఒక అంకె రాసుకోండి, తూటాలు, మ్యాచ్ ఫీజు అందులోనే. భయానికి మాటలు చాలవు, చేతలు కావాలి. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా తూటా నింపిన తుపాకీ వదిలేయడం నేరం. నేరమని కాదుగానీ, సేఫ్ నేలకి బోల్టులతో బిగించి ఉందనీ, తూటాలు వేరే తాళంలో ఉన్నాయనీ, పిల్లలు మేలుకుని ఉండగా సాధన చేయరనీ ఆయన కళ్లతో చూడాలి.

ఇంకొకటి ఆయనకి తెలియకపోవచ్చు, మీకూ ఎవరూ చెప్పి ఉండరు. సీసం. కాల్చినప్పుడు లేచే పొడి చేతులకి, బట్టలకి, బూట్లకి అంటుకుని ఇంటికి వస్తుంది. పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లలకి ఎక్కువ హాని. బూట్లు గుమ్మం బయటే వదలడం మన ఇళ్లలో ఎలాగూ ఉంది, మంచిది. రేంజ్ నుంచి రాగానే చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు, మొహం కడుక్కుని బట్టలు విడిగా ఉతకండి. పిల్లల్ని ఎత్తుకోవడం ఆ తర్వాతే. మధ్యాహ్నం చేతులు కడుక్కోకుండా పులిహోర డబ్బా మూత తీయొద్దు. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. తుపాకీ మోత 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

షాట్‌గన్ ఇప్పుడే కొనకండి. మీ క్లబ్బులో ఎవరినైనా అడిగి, సాధన రోజున రెండు మూడు రకాల వాటితో యాభై తూటాలు కాల్చి చూడండి. సాధారణంగా కాదనరు. చూడాల్సింది పేరు, రంగు కాదు. మీ భుజానికి బట్ పొడవు సరిపోయిందా? మన ఎత్తు ఆడవాళ్లకి చాలావరకు పొడవైపోతుంది, కాస్త కోయించుకోవాలి. తూటా తోసే దారి వెడల్పుగా, అంచులు నునుపుగా ఉందా, లేక బొటనవేలిని కొరుకుతోందా? తేలికపాటి బర్డ్‌షాట్‌తో ఇరుక్కోకుండా ఆడుతోందా? ఈ మూడూ బాగుంటే పాతదైనా పరవాలేదు. పోటీలకని ముందే మార్పులు చేయించినవి, ఆట మానేసినవాళ్ల దగ్గర సగం ధరకి దొరుకుతుంటాయి. కొనేముందు రసీదు రాయించుకోండి, సీరియల్ నంబరు అందులో ఉండాలి.